నష్టపోయినవాడే రావాలి

కార్ఖానా, ముందు గది
జనవరి 11

చిరంజీవి తమ్ముడికి,

అక్క రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం, ఒక మడమ తప్ప.

ఆ మడమ రంగులాయనది. పదేళ్ళుగా మన కార్ఖానా గోడలకు రంగు వేస్తున్న మనిషిని నువ్వు మరచిపోయి ఉండవు. పోయిన మంగళవారం ఆయన ఒక మేడ బయటి గోడకు రంగు వేస్తూ నిచ్చెన ఆరో మెట్టు మీద నిలబడ్డాడు. మెట్టు నిలబడలేదు. ఆస్పత్రిలో నన్ను చూడగానే ఆయన అన్న మొదటి మాట, "అమ్మా, అది మీ నిచ్చెన కాదండి." కాలికి కట్టు కట్టించుకుంటూ నన్ను ఓదార్చాడు.

ఆ నిచ్చెన పని చేయిస్తున్న మేస్త్రీది. కొన్నది తళుకు కంపెనీలో. ఊరి చివర రేకుల షెడ్డులో మెరిసే నిచ్చెనలు అమ్మేవాళ్ళకు మేం పెట్టుకున్న పేరది. వాళ్ళ ప్రతి నిచ్చెన మీదా ఒక ఎర్ర చీటీ ఉంటుంది: "నూట యాభై కిలోల బరువుతో పరీక్షించబడినది." రంగులాయన బరువు డబ్బాతో, కుంచెతో కలిపి అరవై ఎనిమిది.

నేను ఆ షెడ్డుకు వెళ్ళి, కొనే మనిషిలా నిలబడి, పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగాను. గుమాస్తా మర్యాదస్తుడు. "ఇక్కడేనండి," అని ఒక బల్ల చూపించాడు. బల్ల మీద చీటీల చుట్ట ఉంది.

"బరువు పెట్టి చూడరా?" అన్నాను.

"చీటీ అంటించేశాక మళ్ళీ ఎందుకండీ?" అన్నాడు.

మన దగ్గర నిచ్చెన గడప దాటాలంటే ఒక మనిషి దాని పై మెట్టు మీద కూర్చుని మధ్యాహ్న భోజనం ఆసాంతం ముగించాలి. నాన్న పెట్టిన పద్ధతి. తొందరగా తినేవాళ్ళను ఇప్పటికీ ఆ పనికి తీసుకోము. అటువంటి చోట పెరిగినదాన్ని ఆ చీటీని చూసి ఊరుకోమంటే ఊరుకోలేను.

అది అబద్ధమని చెప్పడానికి నాకు వచ్చిన తెలుగు చాలు. ఆపించడానికి మాత్రం నీ తెలుగు కావాలి. పదకొండేళ్ళుగా శాసన శాఖలో కూర్చుని నువ్వు ఏం చేస్తావో నాకు ఎన్నడూ బోధపడలేదు. ఇప్పుడు బోధపరచుకునే అవకాశం వచ్చింది. ఏ సెక్షన్ కింద దావా వేయాలో రాయి. ఇంకొకడు పడేలోగా రాయి.

మీ అక్క


శాసన శాఖ, మూడో అంతస్తు, కిటికీలు లేని వైపు
జనవరి 24

గౌరవనీయురాలైన అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందినది, పరిశీలించడమైనది.

పాత చట్టం అమలులో ఉన్న రోజుల్లో, వ్యాపారంలో జరిగే ఏ మోసం మీదనైనా ఎవరైనా దావా వేయగలిగేవారు. దారిన పోయే దానయ్యకు కూడా ఆ హక్కు ఉండేది. నిరుడు ఆ చట్టం సంస్కరింపబడినది. ఎవరి చేత అని అడగవద్దు. చట్టాలు ఎవరూ చేయకుండానే చేయబడతాయి.

కొత్త చట్టం తొమ్మిదో సెక్షన్ రెండు తలుపులు తెరిచి ఉంచింది. మొదటిది, తప్పుడు ప్రకటనను నమ్మి వస్తువు కొని నష్టపోయిన కొనుగోలుదారుకు. రెండవది, ఆ ప్రకటన వల్ల తన ఖాతాదారులను పోగొట్టుకున్న పోటీ వ్యాపారికి. మిగిలినవారందరూ చట్టం దృష్టిలో సానుభూతిపరులు. వారి కోసం కోర్టు హాలులో వెనుక బెంచీలు వేయబడి ఉన్నాయి.

రంగులాయన తన గాయానికి పరిహారం కోరుతూ వేరే దావా వేసుకోవచ్చు. దానివల్ల ఆయన మడమ సంగతి తేలుతుంది గాని, చీటీ ఆగదు. చీటీని ఆపించే అధికారం తొమ్మిదో సెక్షన్‌కే ఉన్నది.

నీ అర్హత విషయమై నాకు సందేహాలు ఉన్నవి. వేయవద్దనే నా సలహా. ఈ సలహా శాఖాపరమైనది కాదు.

బావ నడుము ఎలా ఉన్నది? నేను అడిగినట్టు చెప్పవద్దు.

మీ తమ్ముడు


కార్ఖానా, వెనుక గది
ఏప్రిల్ 6

శాసన శాఖ వారికి,

నేను దావా వేశాను. రెండో తలుపు గుండా వెళ్ళాను. మొన్న నన్ను బోనులో నిలబెట్టారు. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. చదివి పరిశీలించుకో.

తళుకు వాళ్ళ లాయరు కోటు లోపలి చొక్కాకు కూడా ఇస్త్రీ తప్పని మనిషి. నన్ను సొంత మేనత్తను పలకరించినట్టు పలకరించాడు.

"మీ కార్ఖానా పెట్టి ఎన్నేళ్ళయిందమ్మా?"

"నలభై రెండు."

"మంచి పేరుందట."

"ఉందట కాదు. ఉంది."

"మా చీటీ వచ్చాక మీ దగ్గర కొనడం మానేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఇక్కడ మన లాయరు దగ్గాడు. జలుబేమో అనుకున్నాను.

"మా దగ్గర ఒకసారి నిచ్చెన కొన్నవాడు ఇంకో గడప తొక్కడండి," అన్నాను. "ఒక్కడంటే ఒక్కడు పోలేదు. కావాలంటే కనుక్కోండి."

మన లాయరు మళ్ళీ దగ్గాడు. ఈసారి ఆ దగ్గులో ఏడుపు కలిసింది. జడ్జిగారు నా జవాబును నిదానంగా, ఒక్క అక్షరమూ పోకుండా రాసుకున్నారు. ఇస్త్రీ లాయరు నాకు దండం పెట్టి, "ధన్యవాదాలమ్మా, మేం చెప్పాల్సింది మీరే చెప్పారు," అని కూర్చున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కొరివితో తల గోక్కున్నానని అర్థమయ్యేసరికి ఆయన మళ్ళీ లేచి, కొత్త చట్టానికి జతపరచిన వివరణ పత్రం నుంచి ఒక ఉదాహరణ చదివాడు. దాన్ని నేను కాగితం మీద రాయించుకుని తెచ్చుకున్నాను:

"ఉదాహరణ (గ): 'క' నిచ్చెనలు చేయును. తన నిచ్చెన పై మెట్టుపై ఒకరు కూర్చుండి భోజనము ముగించిన పిదప గాని 'క' దానిని విక్రయింపడు. 'చ' పరీక్షింపని నిచ్చెనలను పరీక్షించినవిగా విక్రయించును. అయినను 'క' ఖాతాదారులు 'క'నే అంటిపెట్టుకొని యుందురు. 'క' నష్టపోలేదు. 'క' దావా వేయజాలడు."

హాలంతా నవ్వింది. జడ్జిగారు కూడా, పదవి అనుమతించిన మేరకు.

ఒరేయ్. భూమ్మీద నిచ్చెన ఎక్కి అన్నం తినే కొంప ఒక్కటే ఉంది. ఆ సంగతి తెలిసి, శాసన శాఖలో జీతం తీసుకునేవాడూ ఒక్కడే ఉన్నాడు. చట్టాలు ఎవరూ చేయకుండానే చేయబడతాయని రాశావు. నీ చేతిరాత నాకు తెలియదనుకున్నావా? నీకు అక్షరాలు దిద్దించింది నేను.

నన్ను 'క' చేశావు. మగవాణ్ణి కూడా చేశావు. నా చేతులు కట్టేసే వాక్యాన్ని నువ్వే రాసి, జనవరిలో నాకు సలహా ఇస్తూ ఆ సంగతి మింగేశావు. కంచే చేను మేస్తే చెప్పుకోవడానికి ఇంకో కంచె ఎక్కడుంటుంది?

నష్టపోయిన మనిషిని ఎవరినైనా వాదిగా చేర్చుకోవడానికి జడ్జిగారు అరవై రోజులు ఇచ్చారు. జూన్ మూడున గడువు. ఆలోగా దొరక్కపోతే దావా కొట్టేస్తారు. చీటీ ఉంటుంది.

'క'


శాసన శాఖ, అదే అంతస్తు
ఏప్రిల్ 19

అక్కకు,

ఒప్పుకుంటున్నాను. ఆ వాక్యం నా చేతిరాతే. వాక్యం మాత్రం నాది కాదు.

మూడేళ్ళ కిందట నీకు ఒక నోటీసు వచ్చిన సంగతి జ్ఞాపకం చేస్తున్నాను. నీ 'ఎనిమిది మెట్ల నిచ్చెన'కు పై పలకతో కలిపి తొమ్మిది ఉన్నాయనీ, తద్వారా ప్రజలను మోసగిస్తున్నావనీ, తగిన మొత్తం పంపితే ప్రజల తరఫున క్షమిస్తామనీ దాని సారాంశం. పంపిన లాయరు నీ నిచ్చెనను కంటితో చూడలేదు. అతనికి కక్షిదారు అంటూ ఎవరూ లేరు. ఆ నెలలోనే అతని నుంచి నాలుగు వందల దుకాణాలకు అటువంటి నోటీసులు వెళ్ళాయి. ఒక దర్జీకి, గుండీల పెట్టె మీద గుండీల బొమ్మ అసలు గుండీ కంటే పెద్దదిగా ఉన్నదని వెళ్ళింది. అందరూ భయపడి పంపారు. నువ్వూ పంపావు. పంపి, నాకు ఏడు పేజీల ఉత్తరం రాశావు. అది నా దగ్గర ఉన్నది. నాలుగో పేజీలోని మాటలు ఇవి:

"నా నిచ్చెన ఎక్కనివాడికి నా మెట్ల లెక్క ఎందుకు? మీరు చేసే చట్టం ఇదేనా? నష్టపోయినవాడే రావాలి. మిగతావాళ్ళు ఇంట్లో కూర్చోవాలి."

అప్పటికి సంస్కరణ సంఘం వారు పద్నాలుగు మంది రెండేళ్ళుగా సమావేశమై ఒక్క వాక్యం మీద కూడా ఏకీభవించలేదు. నేను నీ వాక్యాన్ని గ్రాంథికంలోకి మార్చి వారి ముందు పెట్టాను. చర్చ లేకుండా ఆమోదించారు. ఆ పూట సంఘం వారు త్వరగా ఇళ్ళకు వెళ్ళారు.

నీకు న్యాయం చేస్తున్నాననే అనుకున్నాను అక్కా. ఉదాహరణలో మన కార్ఖానాను పెట్టడం తప్పే. నిజాయితీ గల వ్యాపారం ఒకటి రాయమన్నారు. నాకు తెలిసినది అదొక్కటే. జనవరిలో చెప్పలేదంటే, చెప్పే ధైర్యం చాలలేదు. దానికి సెక్షన్ ఏదీ లేదు.

ఇక ముఖ్యమైన సంగతి. ఆ చీటీని నమ్మి, కొని, నష్టపోయిన మనిషి ఒకరు ఉన్నారు. ఎవరో నాకు తెలుసు. బయటపెట్టనని మాట ఇచ్చాను.

మీ తమ్ముడు


కార్ఖానా, వెనుక గది
మే 20

తమ్ముడికి,

నా మాటలు నాకే అప్పజెప్పావు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో తెలిసింది. అవును, రాశాను. నోటీసు అందుకున్న కోపంలో ఒక ఆడమనిషి తమ్ముడికి రాసుకున్న ఉత్తరం అది. కోపంలో "ఊరంతా తగలబడిపోనీ" అని కూడా అంటాను. దాన్ని పదో సెక్షన్ చేయి.

నెల రోజులుగా నేను చేస్తున్న పని నష్టపోయినవాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరగడం.

మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. నిచ్చెన కొన్నది ఆయనే కదా. "చీటీ నమ్మి కొన్నానని ఒక్క మాట చెప్పండి," అన్నాను. "చీటీ ఎవడు చదువుతాడమ్మా," అన్నాడు, "చవగ్గా ఉందని కొన్నా. అయినా ఎక్కేది నేను కాదుగా." నిజాయితీ గల మనిషి. ఆ నిజాయితీకి ఆయన్ను అక్కడే రెండు పీకాలనిపించింది.

ఒక పళ్ళ దుకాణం ఆవిడ కొన్నదట, విరిగిందట. "కోర్టుకా? మా ఆయన ఒప్పుకోడండి," అంది. ఒక గ్రంథాలయం గుమాస్తా నమ్మి కొన్నాడు గాని, రశీదు గ్రంథాలయం పేరు మీద ఉంది. గ్రంథాలయానికి నమ్మకాలుంటాయా అని మన లాయరు రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, ఉండవని తేల్చాడు.

కాబట్టి ప్రస్తుత పరిస్థితి ఇది. పడ్డవాడు కొనలేదు. కొన్నవాడు నమ్మలేదు. నమ్మినవాడికి రశీదు లేదు. మంచి నిచ్చెన చేసినదానికి నష్టం లేదు. అబద్ధం అచ్చు వేసినవాడికి మాత్రం ఏ లోటూ లేదు. నిన్న వాళ్ళ షెడ్డు ముందు కొత్త బోర్డు పెట్టారు. చీటీ మీద ఇప్పుడు రెండు వందల కిలోలు అని ఉంది. నిచ్చెన అదే.

పద్నాలుగు రోజులున్నాయి. నువ్వు ఎవరికో ఇచ్చిన మాట రేపు పడబోయే మనిషి నడుము కంటే గొప్పదా? పేరు చెప్పు. చెప్పకపోతే ఈ చిరునామాకు మళ్ళీ రాయకు.

అక్క


శాసన శాఖ
మే 24

అక్కకు,

మీ ఇంటి స్టోరు గదిలో, పాత తలుపుల వెనుక చూడు.

పేరు చెప్పలేదని మనవి.

తమ్ముడు


ఇల్లు, స్టోరు గది
మే 28

తమ్ముడికి,

చూశాను.

మూడో మెట్టు దగ్గర వంగిపోయి, గోడకు మొహం తిప్పుకుని నిలబడి ఉంది. ఎర్ర చీటీ చెక్కుచెదరలేదు. వాళ్ళు మెట్ల కంటే జిగురు మంచిది వాడతారు.

మీ బావను పిలిచాను. ఆ మహానుభావుడు చేతులు వెనక్కు కట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ళు బడిలో డ్రాయింగు నేర్పిన మాస్టారు ఆయన. అలా నిలబడడం పిల్లల దగ్గరే నేర్చుకుని ఉంటారు.

"ఇదేమిటి?"

"నిచ్చెన."

"అది తెలుస్తోంది. నేను చేసేది అవే."

"అక్టోబరులో కొన్నా. ఈ గదిలో బల్బు మార్చాలని."

"కార్ఖానాలో ముప్ఫై నిచ్చెనలు పెట్టుకుని ఇది కొన్నారా?"

"అడిగాను కదా. అమ్మకానికి చేసినవి, ఇంట్లోకి తెస్తే గీతలు పడతాయన్నావు. కుర్చీ మీద స్టూలు వేసుకోమన్నావు."

అన్నాను. ఆ మాట నాకు జ్ఞాపకం ఉంది.

"అదీగాక మీ చెక్క నిచ్చెన నేనొక్కణ్ణి మోయలేను. ఇది తేలిగ్గా ఉంది. చీటీ కూడా రెండుసార్లు చదివాను."

"చదివి నమ్మారా?"

"అంత పెద్ద అక్షరాలతో అచ్చేశారు కదా. అబద్ధమైతే కాస్త చిన్నగా వేస్తారనుకున్నా."

నిద్రలో పట్టేసిందని చెప్పి ఎనిమిది నెలలుగా నాతో నూనె రాయించుకుంటున్న నడుము అక్కడ పట్టేసిందన్నమాట. పడిన మర్నాడే నీకు ఉత్తరం రాసి, డబ్బు తిరిగి అడగవచ్చా అని కనుక్కున్నారట. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి కనీసం శాసన శాఖలో తమ్ముడు లేడు.

నాకు కోపం పడ్డందుకు కాదు, కొన్నందుకు. అందులోనూ నాకు చెప్పనందుకు. ఒక పూటంతా మాట్లాడలేదు. తరువాత నా ఉత్తరం కాపీ, అదే నీ తొమ్మిదో సెక్షన్, ముందు పెట్టుకుని చదువుకున్నాను. నా దగ్గర కొనకుండా ఇంకో గడప తొక్కిన మొదటి మనిషి నా మొగుడే. అదీ నా చేజేతులా.

"కోర్టులో చెప్పాలి," అన్నాను. "నిచ్చెనల కార్ఖానా అల్లుడు తళుకు షెడ్డులో నిచ్చెన కొన్నాడని ఊరంతా నవ్వుతుంది."

"నన్ను చూసి నవ్వితే ఫరవాలేదు," అన్నారు. "నిన్ను చూసి నవ్వుతారనే చెప్పలేదు."

రశీదు గోడ గడియారం వెనుక నుంచి తీశారు. నిన్న వాదిగా చేర్చాము. గడువుకు ఏడు రోజుల ముందు.

అక్క


శాసన శాఖ
జూన్ 2

అక్కకు,

అత్యవసరం. తొమ్మిదో సెక్షన్‌కు నాలుగో ఉపసెక్షన్ ఉన్నది: "వాది నష్టము భర్తీ అయినచో దావా వీగిపోవును." తగాదాలు త్వరగా తేలాలన్న సదుద్దేశంతో చేర్చబడినది. చేర్చబడినది అంటే నేను చేర్చాను.

ఇస్త్రీ లాయరు తప్పక ఆ దారిన వస్తాడు. బావకు ఆ నిచ్చెన ఖరీదు తిరిగి ఇచ్చేస్తారు. బావ పుచ్చుకున్న క్షణాన ఆయన నష్టపోయినవాడు కాకుండా పోతాడు, దావా పోతుంది, చీటీ ఉంటుంది. బావ ఎవరు ఏది చేతిలో పెట్టినా మొహమాటానికి పుచ్చుకునే మనిషి. పెళ్ళిచూపులప్పుడు నేను ఇచ్చిన మూడో కప్పు టీ కూడా తాగాడు.

జాగ్రత్త.

తమ్ముడు


ఇల్లు, వరండా
జూన్ 30

తమ్ముడికి,

వచ్చారు. ముందు కోర్టు సంగతి చెబుతాను.

ఇస్త్రీ లాయరు ఈసారి నవ్వలేదు. "మాస్టారూ, మీ ఆవిడ నిచ్చెనలు చేస్తుంది. అలాంటి ఇంట్లో ఉండి ఈ చీటీ నమ్మానంటే ఎవరు నమ్ముతారండీ?" అన్నాడు.

మీ బావ జడ్జిగారి వైపు తిరిగారు. "మా ఇంట్లో నిచ్చెన మీద ఏది రాసి ఉన్నా అది నిజమేనండి," అన్నారు. "ముప్ఫై ఏళ్ళుగా అదే అలవాటు. అందుకే నమ్మాను."

ఎవరూ నవ్వలేదు. నేను వెనుక బెంచీలో, నువ్వు సానుభూతిపరులకు కేటాయించిన చోట కూర్చుని, కిటికీ వైపు చూశాను. తీర్పు వచ్చేదాకా ఆ చీటీ ఏ నిచ్చెన మీదా అంటించకూడదని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. మీ బావ నష్టం నిలిచి ఉన్నంత వరకే ఆ ఉత్తర్వు. తరువాతి వాయిదా జులై ఇరవై ఒకటి.

ఆ సాయంత్రమే షెడ్డు గుమాస్తా, ఆ మర్యాదస్తుడే, కవరుతో వచ్చాడు. మీ బావ దొడ్డి తలుపు గుండా వెళ్ళి పక్కింటి పెరట్లో గంటసేపు నిలబడ్డారు. వారం తరువాత మళ్ళీ వచ్చాడు, రెండింతలు తెచ్చాడు. మీ బావ స్నానాల గదిలోంచి రాలేదు. మొహమాటస్తుడి యుద్ధం ఇలాగే ఉంటుంది. నీ నాలుగో ఉపసెక్షన్ పుణ్యమా అని నా మొగుడు తన ఇంట్లో తను దాక్కున్నాడు. ఆ కోపం నాకు నీ మీద ఇంకా ఉంది. దాన్ని కూడా ఎవరూ భర్తీ చేయడానికి రావద్దు.

ఈ ఉదయం మూడోసారి వచ్చాడు. కవరు లావుగా ఉంది. నేను లేవబోయాను. మీ బావ నన్ను కూర్చోమని చెయ్యి చూపించి, తామే గుమ్మంలోకి వెళ్ళారు. చేతులు వెనక్కు కట్టుకునే ఉన్నారు. ఈసారి ఎందుకో నాకు అర్థమైంది.

"మీ డబ్బు మీరు తీసుకోండి మాస్టారూ," అన్నాడు గుమాస్తా. "నాలుగింతలుంది. అందరికీ మంచిది."

"వద్దండి. నష్టం నాది. నేనివ్వను."

"నష్టాన్ని ఎవరైనా దాచుకుంటారా అండీ?"

"దాచుకోవడం కాదు బాబూ. ఇరవై ఒకటిన దానితో పనుంది," అని తలుపు వేసి, ఆ తరువాతే చేతులు విప్పారు.

అక్క